రెండవ కాగితము

2015వ సంవత్సరము మార్గశిర మాసమున మా చెల్లెలి యింట జరిగిన యొక సంగతిని నేడు పాఠకుల యెదుట విన్నవింపదలచితిని. ఇందు దోషి నేను. మరెవ్వరిని నిందించుటకును ఈ వ్యాసమును వ్రాయుటలేదు. కలము పట్టుటకు ముందు మా చెల్లెలి యనుమతి నడిగితిని. "రాయి అన్నయ్యా, కాని నీ తప్పుగా రాయి, నా కష్టంగా రాయకు" అని యామె చెప్పినది. ఆ మాటను శిరసావహించి వ్రాయుచున్నాను.

నేను బాపట్ల ప్రాంతమున నొక యున్నత పాఠశాలలో ఉపాధ్యాయుడను. సంస్కృతమును, ఆంగ్లమును చదివి, ఇరువది సంవత్సరములకు పైగా బాలబాలికలకు భాషలు నేర్పుచున్నవాడను. మా చెల్లెలిని తెనాలి నిచ్చితిమి. ఆమె కొక్కతే కూతురు. అప్పటికి దానికి ఆరేండ్లు. ఆ పిల్ల చదువుచున్న బడిలో ఒకనాడు రక్తవర్గములను నిర్ణయించు శిబిరమును పెట్టిరి. ఒక్క పూటలో వందలకొలది పిల్లల వ్రేళ్ళను సూదితో పొడిచి, గాజుపలకలమీద చుక్కలు వేసి చూచి, ఒక్కొక్కరికి నొక్కొక్క చీటీ నిచ్చి యింటికి పంపిరి. మా మేనకోడలి చీటీమీద 'ఏ' వర్గమని వ్రాసియుండెను. మా చెల్లెలిది 'ఓ' వర్గము. ఆమె భర్తదియు 'ఓ' వర్గమే.

నాటి రాత్రి భోజనముల వేళ, ఆ యింటి బంధువులలో మందుల దుకాణము నడుపు నొక యువకుడు ఆ చీటీని చూచి, "ఇదెలా కుదిరింది వదినా?" అని నవ్వుచు ననెను. ఆ నవ్వు వంటయింటిలోనికి పోయి, వంటయింటినుండి వీధియరుగు మీదికి వచ్చి, మూడు దినములలో గుసగుసగా మారెను. మా చెల్లెలి భర్త మంచివాడు, మితభాషి. నాలుగవనాడు ఆ చీటీని జేబులో పెట్టుకొని బస్సెక్కి మా యింటికి వచ్చి, "మీరు చదువుకున్నవారు. ఇది ఎలా సాధ్యమో నాకు చెప్పండి" అని యడిగెను. అతని కన్నులలో కోపము లేదు, భయము కలదు. తనకు కావలసిన మాట నేను చెప్పుదునని యాశించియే అతడు వచ్చెను.

నేనేమి చేసితిని? మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రము చెప్పు మిత్రుని యింటికి పోయి యడిగితిని. ఆయన కాగితముమీద నాలుగు గడులు గీచి, తల్లిదండ్రు లిరువురును 'ఓ' యైనచో బిడ్డయు 'ఓ' యగునని మెండెలు పండితుని సూత్రమును వివరించెను. ఎవరి సంగతియో ఆయనకు తెలియదు; పాఠము చెప్పినట్లు చెప్పెను. నేనా గడులను నా చేతివ్రాతతో చక్కగా తిరిగి వ్రాసి మా చెల్లెలి భర్త చేతిలో పెట్టి, "శాస్త్రము అబద్ధమాడదు" అని యంటిని. మరునాడు తెనాలి పోయి, మా చెల్లెలిని పెరటిలోనికి పిలిచి, తులసికోట ప్రక్కను నిలువబెట్టి, "నిజం చెప్పమ్మా" అని యడిగితిని.

ఆమె నావంక చూచినది. ఒక్క మాటయు పలుకలేదు. అప్పుడు మా తల్లి యక్కడనే యుండెను. ఆమె యక్షరము నేర్చినది కాదు. గడపమీద కూర్చుండి సర్వమును వినుచున్నది కాబోలు, "ఒరే, గింజలు తక్కువొస్తే ముందు కుంచం చూసుకుంటారు గాని, గాదెను దొంగ అంటారుట్రా? మళ్ళీ చూపించండి" అని కసరినది.

మూడవనాడు ముగ్గురును వేరొక చోట రక్తమిచ్చిరి. బిడ్డది 'ఓ' వర్గమే! శిబిరము సందడిలో ఒక పిల్ల చీటీ మరియొక పిల్ల పేర పడినదని తేలెను. నేనా కాగితమును పట్టుకొని, శుభవార్త తెచ్చినవానివలె చెల్లెలియొద్దకు పరుగెత్తితిని. ఆమె దానిని చదువలేదు. "నువ్వు నన్ను నమ్మలేదు అన్నయ్యా, రెండో కాగితాన్ని నమ్మావు. అది కూడా మొదటిదానిలాగే వచ్చుంటే?" అని మాత్రమడిగి లోపలికి పోయినది. కార్తిక శుద్ధ విదియనాడు భగినీహస్తభోజనమునకు నన్ను పిలుచుట ఆమెకు వివాహమైనది మొదలు వాడుక. తరువాతి రెండు కార్తికములందును నాకు పిలుపు రాలేదు.

అది కూడ మొదటిదానివలెనే వచ్చియుండినచో? ఈ ప్రశ్న నన్ను విడువలేదు. దీనికి సమాధానము వెదకుచు చదువగా చదువగా, సరిగా నిట్టి కష్టమే మరియొక దేశమున, మరియొక స్త్రీకి, అంతకు పదుమూడేండ్ల ముందు వచ్చెనని తెలిసికొంటిని. ఆమెకు రెండవ కాగితమును, మూడవ కాగితమును గూడ మొదటిదానివలెనే వచ్చినవి.

2002వ సంవత్సరమున అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున, ఇరువురు బిడ్డల తల్లి, మూడవ బిడ్డను గర్భమున మోయుచున్నది, బిడ్డల పోషణకై ప్రభుత్వ సహాయము కోరెను. బిడ్డల తండ్రి యెవరో నిర్ధారించుటకు డి.ఎన్.ఏ. పరీక్ష చేయుట యక్కడి నియమము. చేసిరి. తండ్రి తండ్రియే యని తేలెను. కాని యామె ఆ బిడ్డలకు తల్లి కాదని తేలెను! తాను కని పెంచిన బిడ్డలకు తాను తల్లిని కానని యంత్రము చెప్పగా ఆమె నివ్వెరపోయెను. మరల పరీక్షించిరి, మరల నట్లే వచ్చెను. ఎవరి బిడ్డలనో తనవారని చూపి ధనము గ్రహింప జూచుచున్నదని యామెపై వంచనారోపణము వచ్చెను. బిడ్డలను తీసికొనిపోవుదురను భయము గుమ్మములో నిలిచెను. మూడవ ప్రసవమునకు సాక్షిగా నుండుటకు న్యాయస్థానము ఒకరిని నియమించెను. ఆ సాక్షి కన్నులయెదుటనే బిడ్డ పుట్టెను. వెంటనే తల్లికిని బిడ్డకును రక్తము తీసి పరీక్షించిరి. ఆ బిడ్డకును ఆమె తల్లి కాదనియే కాగితము వచ్చెను!

ఇచట నాకు శకుంతల జ్ఞప్తికి వచ్చినది. నిండుసభలో నిలిచి సత్యమహిమను గూర్చి నన్నయ శకుంతల చెప్పు పద్యమును నేను ప్రతి సంవత్సరము బాలబాలికలచే కంఠస్థము చేయింతును, అర్థము చెప్పింతును, తప్పు చెప్పినవారిని నిలువబెట్టుదును. భారతమునందలి శకుంతలకు ఉంగరము లేదు. ఉంగరము కాళిదాసు నాటకమున వచ్చినది. భారతమున నామెకు గల సాక్ష్యము తన మాటయే. ఆకాశవాణి పలికిన పిదప గాని రాజు ఆమె నంగీకరింపలేదు. అంగీకరించి, తనకు నిజము మొదటినుండియు తెలియుననియు, లోకము నమ్మదని యూరకుంటిననియు చెప్పెను. ప్రతి యుగమునందును స్త్రీ మాటకు తోడుగా లోకము ఒక యుంగరము నడుగును. మన యుగపు టుంగరము ఈ కాగితము. ఆ పద్యమునకు నేనింతకాలము చెప్పిన యర్థము పుస్తకమునందలి యర్థమే గాని, తులసికోట ప్రక్కను నాకు పనికివచ్చినది కాదు.

వాషింగ్టను తల్లికి ఆకాశవాణి ఒక వైద్యపత్రిక రూపమున వచ్చెను. ఆ సంవత్సరముననే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను పత్రికలో బోస్టను వైద్యులు ఒక వింత వృత్తాంతమును ప్రకటించిరి. ఏబదిరెండేండ్ల స్త్రీ యొకతె మూత్రపిండములు చెడి, వేరొక మూత్రపిండమును ధరింపవలసివచ్చెను. ముగ్గురు కుమారులలో ఎవరిది సరిపడునో చూతమని పరీక్షింపగా, ఇరువురు కుమారులు ఆమె సంతానమే కారని తేలెను. ఆ వైద్యులు ఆమెను శంకింపలేదు. తమ పరీక్షను శంకించిరి. రక్తమును విడిచి, దేహమునందలి యితర భాగములనుండి కణములను తీసి చూచిరి. రక్తమున నొక్క వంశమునకు చెందిన జన్యుపదార్థమే యుండెను. ఇతర భాగములందు రెండు వంశములవి కలిసియుండెను. కుమారుల కామె యిచ్చినవి రెండింటినుండియు వచ్చినవే. వాషింగ్టను తల్లి న్యాయవాది ఈ వృత్తాంతమును తెలిసికొని, తన కక్షిదారునకు మరల పరీక్ష చేయించెను. ఆమె తల్లితో పోల్చి చూడగా, బిడ్డలు ఆ ముసలియామెకు మనుమలే యని తేలెను. తుదకు గర్భాశయద్వారమునుండి తీసిన కణములందు బిడ్డల జన్యువులతో సరిపోలు రెండవ వంశము దొరికెను. అభియోగము కొట్టివేయబడెను.

ఇది యెట్లు జరుగునో విజ్ఞానము తెలియని నావంటివారికి తెలియునట్లు చెప్పెదను. ఒక అండముతో ఒక శుక్రకణము కలిసి యొక పిండమగును. ఒక్కొక్కప్పుడు రెండండములు విడుదలయై, రెండు శుక్రకణములతో వేర్వేరుగా కలిసి, రెండు పిండము లగును. అవి దేనికది పెరిగినచో కవలలు పుట్టుదురు. వారి పోలికలు అన్నదమ్ముల పోలికలవలె నుండును. కాని గర్భమునందు తొలిదినములలో, అవయవము లేవియు నేర్పడకమునుపే, ఆ రెండు పిండములును అంటుకొని యొక్కటి యగుట యరుదుగా కలదు. అప్పుడు పుట్టునది ఒక్క బిడ్డయే. ఆ బిడ్డ దేహమున కొన్ని కణములు ఒక పిండమువి, కొన్ని రెండవదానివి. రక్తము ఒకరిది, అండాశయము మరియొకరిది కావచ్చును. రెండును ఆడుపిండములో, రెండును మగపిండములో యైనచో, పైకి చాలమందిలో ఏ గుర్తును కనబడదు. జీవితమంతయు గడచినను తెలియకపోవచ్చును. అట్టి స్త్రీ తన రక్తమును బట్టి చూచినచో తన బిడ్డలకు తల్లి కాక, పినతల్లివలె కనబడును. పుట్టని తోబుట్టువు ఆమెయందే యుండి, ఆ బిడ్డల కామెను తల్లిని చేసినది.

ఇట్టివారికి పాశ్చాత్యులు కైమీరా యను పేరు పెట్టిరి. గ్రీకుల పురాణమున కైమీరా ముందు సింహము, నడుమ మేక, వెనుక సర్పముగా నుండు ఘోరమృగము. ఆ పేరు నాకు రుచింపదు. తల్లిని పట్టుకొని మృగమనుట యేమి మర్యాద? మన కథలలో వెదకినచో జరాసంధుడు దొరకును. బృహద్రథుని భార్య లిరువురును ఒక్క మామిడిపండును సగముసగము తిని, సగముసగము బిడ్డను కనగా, జర యను రాక్షసి ఆ రెండు సగములను చేర్చెను. బిడ్డ కేరుమని యేడ్చెను. కాని దీనిని బట్టి మన పెద్దలకు ఈ శాస్త్రమంతయు ముందే తెలియునని యెవరైన వాదింపబూనినచో, నన్ను సాక్షిగా పిలువవలదని ప్రార్థన. కథ కథయే. జరాసంధుని దేహమున అతుకు కలదు. భీముడా యతుకుననే చీల్చెను. ఈ మనుష్యులయం దతుకు లేదు. రెండు వంశముల కణములును ఒకే కుటుంబమువలె కలిసి పనిచేయును.

రెండు పిండములు ఒక్కటి కాకున్నను, కవలలు ఒకరి కణముల నొకరు పుచ్చుకొనుట కలదు. దీనిని మొదట పశువులయందు కనుగొనిరి. 1945లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున రే ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు, కవలదూడలు మావియందలి రక్తనాళములు కలియుటచేత ఒకదాని రక్తకణముల నొకటి పొంది, జన్మాంతము వానిని తమవానివలెనే నిలుపుకొనుచున్నవని చూపెను. పరదేహకణములను దేహము శత్రువులుగా చూడక సహించుటకు కారణమేమను విచారణ దీనినుండి పెరిగెను. ఆ విచారణకే మెడవార్, బర్నెట్ అను వారికి 1960లో నోబెల్ బహుమాన మొసగిరి.

1953లో ఇంగ్లండులోని షెఫీల్డున ఒక స్త్రీ రక్తదానము చేసెను. ఆమె రక్తమున 'ఓ' వర్గపు కణములును, 'ఏ' వర్గపు కణములును కలిసియుండెను. తమ సీసాలలో నేదో కలిసిపోయినదని మొదట తోచుట సహజమే. కాని తప్పు సీసాలలో లేదు. లండనునందలి రక్తవర్గ పండితులైన రేస్, సాంగర్ మొదలగువారు విచారించి, "మీకు కవల యున్నదా?" అని యామె నడిగించిరి. ఆమె యాశ్చర్యపడి, తనకు కవల సోదరు డుండెననియు, మూడునెలల పసివాడుగా నుండగనే పోయెననియు చెప్పెను. అప్పటికి సుమారు ఇరువదియైదేండ్లు గడచినవి. పేరు నిలువకమునుపే పోయిన ఆ పసివాని రక్తము అక్క దేహమున అంతకాలమును ప్రవహించుచునే యుండెను. ఈ వృత్తాంతమున నాకు ముఖ్యముగా తోచినది వారడిగిన ప్రశ్న. పరీక్షకు అర్థము తెలియనప్పుడు వారు మనిషి నడిగిరి. ఆమె చెప్పిన మాటను విని నమ్మిరి.

కవలల మాట యటుండనిండు. తల్లియైన ప్రతి స్త్రీయందును ఇట్టి సంగతి కొంచెముగ నైనను జరుగునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 1893లోనే ష్మోర్ల్ అను జర్మను వైద్యుడు, ప్రసవకాలపు వాతముచే మరణించిన స్త్రీల ఊపిరితిత్తులలో మావికి చెందిన కణములను చూచెను. 1996లో డయానా బియాంచి యను వైద్యురాలును, ఆమె తోడివారును, కుమారుని కని యిరువదియేడేండ్లు గడచిన స్త్రీ రక్తమున మగకణములను కనుగొనిరి. 2012లో మరణించిన 59 మంది స్త్రీల మెదడులను పరీక్షించి, 37 మందియందు మగవారి జన్యుపదార్థమును చూచిరి. అది మిక్కిలిగా కుమారులను మోసినప్పుడు వచ్చినదై యుండునని వారి యూహ. అట్లే తల్లి కణములు బిడ్డయందు ప్రవేశించి, బిడ్డ పెరిగి పెద్దయైన తరువాతను నిలుచుచున్నవి. ఇవి గాయములను మాన్పుటకు తోడ్పడునో, కొన్ని వ్యాధులకు కారణమగునో, ఇంకను పరిశోధించుచున్నారు. కనుక దీనిపై కవిత్వము చెప్పుటకు నేను తొందరపడను. అయినను, పురిటిలోనే బిడ్డను పోగొట్టుకొన్న స్త్రీని "గొడ్రాలు" అని పిలిచి శుభకార్యములకు దూరముగ నుంచు మన యిండ్లవారు ఈ సంగతిని ఒక్కమారు తలపోయుట మంచిది. మనము లేదన్న బిడ్డ జాడ ఆమె దేహమునందు నిలిచియుండవచ్చును.

మన ధర్మశాస్త్రములందు బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా యను చర్చ కలదు. మనువు తొమ్మిదవ యధ్యాయమున దీనిని విస్తరించెను. పురుషుడు బీజము, స్త్రీ క్షేత్రము. నేనీ పాఠమును గురువుగారియొద్ద శ్రద్ధగా చదివితిని. కాని బిడ్డ జన్యువులలో సగము తల్లివే. అంతేగాక, పైరు కోసికొనిపోయిన తరువాతను విత్తనమునందు కొంత నేలలో నిలిచియుండును; నేలలో కొంత గింజతో పోవును. ఇట్టి యిచ్చిపుచ్చుకోలును పొలమునకు గల సామ్యముతో చెప్పుటకు వీలులేదు. వంశమను మాటను నోటినిండ పలికి, రక్తశుద్ధి యని గర్వించి, ఆ శుద్ధికి కాపలాగా స్త్రీలను నిలిపి, వారినే దొంగలుగా చూచు మనకు, దేహము తానే చెప్పుచున్న సమాధానమిది: ఏ దేహమును ఒంటరిది కాదు.

నేను పరీక్షలకు విరోధిని కాను. హైదరాబాదున లాల్జీసింగ్ గారు మన దేశమున డి.ఎన్.ఏ. పరీక్షకు మార్గము వేసిరి. దానిచేత నిరపరాధులు విడుదలయైరి, దిక్కులేని బిడ్డలకు తండ్రులు దొరకిరి. కైమీరతయు మిక్కిలి యరుదు. మా యింట జరిగినది కైమీరత కాదు, ఒక చీటీ తారుమారు. నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు ఇట్టి వింతల వెనుక నుండునది చీటీల తారుమారే యని నేననుకొందును. ఈ రెండింటి నడుమ మరియొకటి కలదు. 1952లో బొంబాయిలో భేండే మొదలగు వైద్యులు ఒక క్రొత్త రక్తవర్గమును కనుగొనిరి. నేటికిని దానిని బొంబాయి వర్గమనియే పిలుతురు. మన దేశమున సుమారు పదివేలమందికి ఒకరియందు అది కలదందురు. అట్టివారు సాధారణ పరీక్షలో 'ఓ' వలె కనబడుదురు. కాని వారియందు దాగియున్న 'ఏ' గాని, 'బి' గాని బిడ్డలకు పోవచ్చును. నా మిత్రుడు గీచిన నాలుగు గడులకు వెలుపల ఇన్ని కలవు! గడులు తప్పు కావు. వానిని గీచి, లోకమంతయు వానిలో నిమిడినదని తలచినవాడను నేను.

చట్టము నాకంటె వివేకము గలది. వివాహబంధమున పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డయే యని 1872 నాటి సాక్ష్యచట్టము 112వ విభాగమున నిర్ణయించెను. 2023 నాటి క్రొత్త సాక్ష్యచట్టమున, 116వ విభాగముగ, ఆ నియమము నిలిచియున్నది. అనుమానము పుట్టినంతనే రక్తపరీక్షకు ఉత్తరువు చేయరాదని సుప్రీంకోర్టు 1993లో చెప్పెను, బిడ్డలకు డి.ఎన్.ఏ. పరీక్షలు మామూలు పనివలె చేయింపరాదని 2023లో మరల హెచ్చరించెను. నిజమైన పరీక్ష యెదుటికి వచ్చినప్పుడు ఊహకంటె దానికే విలువయని 2014లో ఆ న్యాయస్థానమే తీర్పు చెప్పినమాటయు దాచను. కాని న్యాయస్థానమునకు పోవు తగవులు కొన్నియే. తక్కినవానికి వంటయింటిలోను, వీధియరుగు మీదను తీర్పులు జరుగుచుండును. అక్కడ అపీలు లేదు. ఆ న్యాయస్థానములలో చదువుకొన్న యన్నలు, మామలు, బావలు న్యాయమూర్తులు. సోదరులారా, మనమే యా న్యాయమూర్తులము. మన చేతికి కాగితము వచ్చినప్పుడు, కుంచమును చూచుకొనుట మన మొదటి విధి. కుంచము సరియైనదే యని తోచినను, ఎదుట నిలిచిన మనిషి మాట నింకొకమారు వినుట రెండవ విధి. బోస్టను వైద్యులు చేసినది యిదియే. షెఫీల్డు స్త్రీ విషయమున లండను పండితులు చేసినది యిదియే. శాస్త్రము అబద్ధమాడదని నేనంటిని. నిజమే. కాని శాస్త్రజ్ఞులు తమ తప్పును తాము వెదకుకొందురు గనుక శాస్త్రము నిలిచినది. నేను చేతబట్టినది శాస్త్రమును కాదు, ఒక చీటీని.

2018 కార్తికమున మా చెల్లెలు నన్ను భోజనమునకు పిలిచినది. పాత సంగతిని నేనెత్తలేదు, ఆమె యెత్తలేదు. గుమ్మడికాయ పులుసు వడ్డించినది. "తప్పు చేసితిని" అని యంటిని. "తెలుసు, తిను" అన్నది. క్షమించితినని చెప్పలేదు, నేనును అడుగలేదు.

మా మేనకోడలికి ఇప్పుడు పదునారేండ్లు. ఇంటర్మీడియెట్టులో జీవశాస్త్రము చదువుచున్నది. 2025 కార్తికమున విదియనాడు నేను భోజనమునకు పోగా, అది తన పుస్తకమును తెచ్చి నా విస్తరి ప్రక్కను కూర్చుండి, నాలుగు గడులు చూపి, "మామయ్యా, అమ్మానాన్నా ఇద్దరూ ఓ అయితే పిల్లలకి ఓ నే వస్తుందిట, అవునా?" అని యడిగెను. వడ్డించుచున్న మా చెల్లెలి చేయి ఆగెను. ఆమె నావంక చూచెను. తులసికోట ప్రక్కను చూచిన చూపే యది.

"సాధారణంగా వస్తుందమ్మా" అని నేనంటిని.

"సాధారణంగా అంటే?" అని పిల్ల యడిగెను.

"ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి మీ మామయ్యకి పదేళ్ళు పట్టింది. తిననివ్వు, నేను చెప్తా" అని మా చెల్లెలు నా విస్తరిలో మరికొంత యన్నము వడ్డించినది. ఆ సాయంకాలమే కూతురికి సర్వమును చెప్పినది. ఈ వ్యాసమును అందరికంటె ముందు చదివినది ఆ పిల్లయే.